అచ్చుపోసిన చుక్కలు

గొట్టం ఫుస్సుమంటూ అయస్కాంతం నోట్లోంచి పైకి లేచింది. నిచ్చెన మెట్టు మీద నిలబడి దాన్ని అందుకున్న నిదానమ్మ ఒక్క చూపు చూసి మొహం పక్కకి తిప్పేసుకుంది. పొద్దున్న తేటగా పోసిన ప్రోటీన్ ద్రావణం ఇప్పుడు విరిగిన పాలలా ఉంది. అడుగున తెల్లటి ముద్ద, పైన పలచటి నీరు, మధ్యలో తీగలు సాగుతున్న జిగురు. మూత తియ్యగానే కుళ్ళిన కోడిగుడ్ల కంపు గుప్పుమంది. ప్రోటీన్ చెడిపోకుండా ఉండాలని కలిపే గంధకపు మందు కంపు అది. ప్రోటీన్ చచ్చాక కూడా ఆ కంపు మాత్రం చావదు.

చచ్చిన ప్రోటీన్లు ఆమెకి కొత్తేం కాదు. కిందికి దిగి కంప్యూటరు తెర చూశాక మాత్రం ఒళ్ళంతా గొంగళిపురుగులు పాకినట్టయింది. తెర నిండా నీలం చుక్కలు. గుండ్రంగా, ముద్దుగా, ఒకదాన్నొకటి తగలకుండా, ఫొటోకి నిలబడ్డ బడిపిల్లల్లా బుద్ధిగా ఉన్నాయి. బతికున్న ప్రోటీన్ దగ్గర కూడా అంత చక్కటి చుక్కలు ఆమె ఏనాడూ చూడలేదు. చేతిలో చూస్తే శవం, తెర మీద చూస్తే పెళ్ళికళ.

నిదానమ్మ అన్నది ఆమె అసలు పేరు కాదు. ఏ గొట్టం పెట్టినా ముందు 'మొదటి గీత' చూడందే అడుగు ముందుకి వెయ్యదని, ప్రయోగశాలలో ఎవరో వెటకారంగా అన్నారు. అది కాస్తా అతుక్కుపోయింది. మొదటి గీత అంటే బ్రహ్మవిద్యేం కాదు. గొట్టాన్ని అయస్కాంతంలోకి దింపాక ఒక్కసారి రేడియో తరంగంతో తట్టి, లోపలున్నది పలుకుతోందా లేదా అని చూసుకోవడం. పలికితే తెర మీద గీత మిట్టలు మిట్టలుగా లేస్తుంది. పలక్కపోతే బల్లపరుపుగా పడుకుంటుంది. లోపల ప్రాణం ఉందో లేదో తెలుసుకోకుండా వైద్యం మొదలుపెట్టే డాక్టరు ఉంటాడా? ఆమె అడిగేది అంతే.

ఆ పనికి కేంద్రక అయస్కాంత అనునాదం అని నోరు తిరగని పేరొకటి ఉంది. పాపం దాన్ని ఎవరూ పిలవరు, అందరూ ఎన్ఎంఆర్ అంటారు. మనిషికి రెండింతల ఎత్తున ఉక్కు పీపాలా ఉండే అయస్కాంతం, దాని కడుపులో చలికి నీరైపోయిన హీలియం వాయువు, మధ్యలో చిటికెన వేలంత గాజు గొట్టం. తట్టినప్పుడు ప్రోటీన్‌లోని పరమాణువులు ఒక్కొక్కటీ ఒక్కో శ్రుతిలో మోగుతాయి. ప్రతి మోతా ఒక చుక్క. ఆ చుక్కల్ని పట్టుకుని ఏది దేని పక్కన ఉందో లెక్కగడితే చివరికి ప్రోటీన్ రూపం తెలుస్తుంది. చిక్కల్లా ఎక్కడంటే, బొమ్మ స్పష్టంగా రావాలంటే వేలసార్లు తట్టాలి, ప్రతిసారీ మధ్యలో ఆగే వ్యవధి కాస్త మార్చాలి. రెండు మూడు రోజులు పట్టే వ్యవహారం.

ఆమె ప్రోటీన్ మధ్యాహ్నం దాకా ఆగదు. కంటిపాప వెనక ఉండే కటకంలోది అది. ఆ ప్రోటీన్ తయారీలో ఎక్కడో చిన్న తేడా వచ్చిన పిల్లలు కళ్ళల్లో తెల్లటి పొరతోనే పుడతారు. గొట్టంలో విరిగిన ముద్దా, ఆ పిల్లల కళ్ళల్లో పొరా ఒకటే. విరక్కముందు దాని రూపం ఏమిటో తెలిస్తే, ఎక్కడ పట్టుకుని ఆపాలో తెలుస్తుంది. కంట్లో వేసే మందు తయారుచేసే కంపెనీవాళ్ళు ఆ రూపం కోసమే ఎదురుచూస్తున్నారు. నిదానమ్మ జుట్టు సగం నెరిసింది ఆ ప్రోటీన్ వెనకాలే.

అందుకే తొందర పద్ధతి వచ్చినప్పుడు ఎగిరి గంతేసింది ఆవిడే. వీధిలో ఎవరెవరున్నారో తెలియాలంటే ప్రతి గుమ్మం తట్టక్కర్లేదు, అక్కడొకటి ఇక్కడొకటి తట్టి మిగతాది లెక్కతో రాబట్టవచ్చు అన్నది దాని కిటుకు. నిఖార్సయిన కిటుకే. రోజుల పని గంటలోకి వస్తుంది. ఆమె దాన్ని నేర్చుకుంది, తన ప్రోటీన్ మీద ప్రయత్నించింది. వచ్చినవి కొద్దిపాటి చుక్కలు, మిగతాదంతా ఇసక చల్లినట్టు రొద. బొమ్మ అందంగా లేదు గానీ, వచ్చిన నాలుగూ నిజం.

డైరెక్టరుగారికి ఆ నాలుగూ ఆనలేదు. డైరెక్టరంటే మరెవరో కాదు, నిదానమ్మ అక్క మొగుడు. ఆమె అక్కడ చేరిన చాన్నాళ్ళకి ఆయన పైనుంచి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. అయినా బావగారి చలవతో ఉద్యోగం వచ్చిందని అనేవాళ్ళు అంటూనే ఉంటారు, నోటికేమన్నా అద్దె కట్టాలా. ఆయన ఎక్కణ్ణుంచో కొత్త ప్రోగ్రాం తెప్పించి, దానికి 'అచ్చు' అనేదొకటి తగిలించాడు. ఆ ప్రోటీన్ ఇలా ఉండచ్చు అని కంప్యూటరు వేసిన ఊహాచిత్రం ఉంటుంది కదా, దాన్నిబట్టి చుక్కలు ఫలానా చోట్ల ఉండాలని ముందే గుర్తులు పెట్టడం. ప్రోగ్రాం ఆ చోట్ల మాత్రమే వెతుకుతుంది, అక్కడ నలుసంత దొరికినా చుక్కంత చేస్తుంది, మిగతా తెరంతా శుభ్రంగా తుడిచేస్తుంది. వచ్చిన బొమ్మ ఊహతో సరిగ్గా సరిపోయిందని ఊరంతా స్వీట్లు పంచుతారు. సరిపోక ఏం చేస్తుంది? మొదటి గీత చూడటం టైం దండగని దాన్ని కూడా తీసేయించాడు ఆ మహానుభావుడు.

చేతిలో గొట్టంతో నిలబడ్డ నిదానమ్మ బుర్రలో అవన్నీ ఒక్కసారిగా వెలిగాయి. అయినా మనసొప్పక, ఆ కంపు గొట్టాన్నే మళ్ళీ దింపి మొదటి గీత చూసింది. గీత ఇటు చివర నుంచి అటు చివరకి బల్లపరుపు. నీటి మిట్ట ఒక్కటి తప్ప చీమ తలకాయంత ఎత్తు లేదు. తర్వాత అచ్చుతో తొందర పద్ధతి నడిపింది. గంట తిరిగేసరికి నీలం చుక్కలు మళ్ళీ బారులు తీరి నవ్వాయి. వాటిని చూసి ఛీ అని పైకే అంది. గదిలో ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది.

బావగారి గది తలుపు తీస్తే కృత్రిమ మల్లెల వాసన ముక్కులో గుచ్చుకుంది. గోడలనిండా అయస్కాంతాల పక్కన నిలబడి చేతులు కట్టుకున్న ఆయన ఫొటోలే. టేబుల్ మీద బిస్కెట్ల పొడి, దానిమీద ఎండిన టీ చుక్కలు. ఆయన పెన్ను మూత చెవిలో పెట్టి కళ్ళు అరమోడ్చి తిప్పుకుంటున్నాడు. ఆమెని చూసి మూత బయటికి తీసి, దానివంక ఆసక్తిగా ఓసారి చూసుకుని, మళ్ళీ పెన్నుకి తొడిగాడు.

"రా మరదలా! ఏంటి, మొహం అలా పెట్టావ్? ఎవరి మీద అలిగావ్?"

"మీ పద్ధతి మీద, బావగారూ. ఇది చూడండి." ఆమె గొట్టం టేబుల్ మీద పెట్టింది. "ఇది చచ్చిపోయింది. మొదటి గీత చూశాను, బల్లలా ఉంది. దీన్ని పెట్టినా మీ ప్రోగ్రాం బొమ్మ గీసిపెట్టింది."

ఆయన ముక్కు మూసుకుని గొట్టాన్ని బిస్కెట్ల పొట్లంతో అవతలకి నెట్టాడు. తర్వాత అదే పొట్లంలోంచి ఇంకో బిస్కెట్ తీసుకుని కొరికాడు. ఆమె కిటికీ వైపు చూసింది.

"విరిగితే మాత్రం, ఆ పైనున్న నీళ్ళలో ఇంకా కాస్తో కూస్తో కరిగి ఉండదా? దాన్ని కూడా పట్టేసిందంటే మన పద్ధతి ఎంత సున్నితమో చూడు! నువ్వు సంతోషించాల్సింది పోయి..."

"మొదటి గీతలో ఏమీ లేదని చెప్తున్నా కదండీ."

"మొదటి గీత చూడద్దనే కదా నేను చెప్పింది! పాతకాలపు అలవాటు. పెళ్ళయి పిల్లలు పుట్టాక జాతకాలు చూస్తానంటావేంటి?"

"అచ్చు తీసేసి చూడండి ఒకసారి."

"అచ్చు తీసేస్తే ఏమొస్తుందో నీకు తెలుసు, నాకు తెలుసు. ఇసక." ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "వెతికేవాడికి ఎక్కడ వెతకాలో చెప్తే తప్పేంటమ్మా?"

"ఎక్కడ వెతకాలో చెప్పలేదు మీరు. ఏం దొరకాలో చెప్పారు."

ఆయన నవ్వాడు. పళ్ళ సందుల్లో బిస్కెట్ పిండి తెల్లగా కనిపించింది. సొరుగులోంచి కాగితాలు తీసి ఆమె ముందుకి జరిపాడు. పరిశోధనాపత్రం, మొదటి పేజీలో అందరికంటే ముందు ఆమె పేరు.

"ఎల్లుండి సమీక్ష కమిటీ వస్తోంది. వాళ్ళు సరేనంటే ఈ బొమ్మ తిన్నగా మందుల కంపెనీకి వెళ్తుంది, మనకి ఇలాంటి యంత్రాలు ఇంకో అరడజను వస్తాయి. నువ్వు చెయ్యాల్సిందల్లా వాళ్ళ ముందు గొట్టం దింపి, పక్కన నిలబడి, నవ్వడం. ఇన్నేళ్ళు కష్టపడ్డావ్, పేరు ముందు పెట్టించాను. ఇదిగో, సంతకం పెట్టు."

ఆయన ఆ పెన్నే చాచాడు. ఆ మూతే. నిదానమ్మ దానివంక చూసి రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది. ఇంటికెళ్ళి ఆలోచించుకుంటానని చెప్పి బయటపడింది. బయట కుళాయి దగ్గర, ఆ పెన్నుని ముట్టుకోకపోయినా, చేతులు మోచేతుల దాకా సబ్బుతో తోముకుంది.

ఆమె భయం పేరు పోతుందని కాదు. తప్పుడు రూపం ఒకసారి అచ్చయిపోతే, ఇక ఆ ప్రోటీన్ వైపు ఎవడూ తిరిగి చూడడు. అయిపోయిన పనికి ఎవరు అయస్కాంతం ఇస్తారు? మందు తయారుచేసేవాళ్ళు లేని గుమ్మానికి తాళంచెవులు అరగదీస్తూ కూర్చుంటారు. పొరతో పుట్టిన పిల్లలు పొరతోనే పెద్దవుతారు. అది తలుచుకుంటే ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కుతోంది.

సాయంత్రం అక్క ఫోన్ చేసి భోజనానికి రమ్మంది. ఎందుకు పిలిచిందో తెలియనంత అమాయకురాలు కాదు నిదానమ్మ. బావగారు ముందే తినేసి హాల్లో సోఫాలో పడుకుని, నోట్లో వేలుపెట్టి దవడ పళ్ళు శుభ్రం చేసుకుంటూ టీవీ చూస్తున్నాడు. ఆయన తిన్న కంచం టేబుల్ మీదే ఉంది. నమిలి ఉమ్మిన పిప్పి అంచు చుట్టూ పేర్చి ఉంది, మధ్యలో చెయ్యి కడిగిన నీళ్ళు.

"ఏమే, మీ బావతో గొడవ పడ్డావుట?" అక్క గొంతు తగ్గించి అడిగింది.

"గొడవేం లేదక్కా. చచ్చినదాన్ని బతికుందని చెప్పమంటున్నారు. చెప్పలేనన్నా."

"అబ్బా, నీ సైన్సు నాకెందుకే. ఒక్క గంట పక్కన నిలబడితే నీ సొమ్మేం పోయింది? ఆయన కుర్చీ పోతే ఈ ఇల్లుండదు, ఈ కారుండదు. పిల్లదాని చదువు సగంలో ఉంది."

"పిల్లల కళ్ళకి మందక్కా అది. దొంగ బొమ్మ చూసి మందు చేస్తే..."

"ఆయన సంగతి నాకు తెలీదనుకుంటున్నావా?" అక్క ఉన్నట్టుండి కంచం వైపు వేలు చూపించింది. "అది చూశావా? కాపరానికి వచ్చిన మర్నాటి నుంచి తీస్తున్నా. మొదట్లో తీసినప్పుడల్లా వాంతి వచ్చేది. ఇప్పుడు రాదు. అలవాటైపోతుందే చిన్నీ. నాలుగు రోజులు ముక్కు మూసుకుంటే దేనికైనా అలవాటు పడతాం."

అని, చేత్తో ఆ పిప్పిని మధ్యలోకి ఊడ్చి కంచం తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. నిదానమ్మకి అక్క మీద జాలేసింది, ఆ జాలి వెనకాలే వెగటు పుట్టింది, ఆ వెగటుకి తన మీద తనకే కోపం వచ్చింది. ఆకలిగా లేదని లేచింది. బావగారు సోఫాలోంచి కదలకుండానే, "ఎల్లుండి కాస్త మంచి చీర కట్టుకురా మరదలా, ఫొటోలుంటాయి," అన్నాడు.

ఎల్లుండి రానే వచ్చింది. యంత్రాల గది తళతళలాడుతోంది. మూల పేరుకున్న బూజు మీద తెర కట్టారు, విరిగిన కుర్చీల్ని మరుగుదొడ్లో కుక్కారు, ఎప్పుడూ కారే కుళాయికి గుడ్డ చుట్టి పూలకుండీ అడ్డం పెట్టారు. ఆ శుభ్రం చూస్తేనే రోతగా ఉంది. నిదానమ్మ రోజూ కట్టే నేతచీరలోనే వచ్చి, తెల్లారగట్ల సిద్ధం చేసిన తాజా ప్రోటీన్ గొట్టాన్ని ఐసు డబ్బాలో పెట్టుకుని నిలబడింది. అది అప్పటికింకా తేటగానే ఉంది. ఎంతసేపు ఉంటుందో దానికే తెలియాలి.

కమిటీలో ముగ్గురు. అధ్యక్షురాలు డెబ్బై ఏళ్ళావిడ, చేతికర్రతో నడుస్తోంది, భుజానికి వేలాడే సంచిలో స్టీలు నీళ్ళ సీసా. పొద్దున్నుంచి ఏదో మందు బిళ్ళలు వేసుకుంటున్నట్టుంది, మాటిమాటికీ ఓ గుక్క తాగుతోంది. మిగతా ఇద్దరిలో ఒకాయనకి మీసాలెక్కువ, రెండో ఆయనకి మొహమాటమెక్కువ. బావగారు సూటు వేసుకుని, ఘాటు సెంటు పూసుకుని, ముగ్గురి మధ్యా ఈగలా తిరుగుతూ గంట ఉపన్యాసం ఇచ్చాడు. పాత పద్ధతిని ఎద్దులబండి అన్నాడు, తన పద్ధతిని విమానం అన్నాడు. విమానంలో ఎవరైనా ఎక్కారో లేదో చూసుకోరా అని నిదానమ్మ నాలిక చివరిదాకా వచ్చింది.

"ఇక మా మరదలు, అంటే మా ప్రధాన శాస్త్రవేత్త, మీకు చేసి చూపిస్తుంది," అన్నాడాయన.

నిదానమ్మ ఐసు డబ్బా ముట్టుకోలేదు. "దానికి ముందు ఒక మాట చెప్పాలండీ," అని అధ్యక్షురాలి వైపు తిరిగింది. "మొన్న విరిగిపోయిన ప్రోటీన్‌ని పెట్టి చూశాను. మొదటి గీతలో ఏమీ లేదు. అయినా ఈ ప్రోగ్రాం నిండు బొమ్మ గీసింది. ముందే అచ్చు వేసిపెట్టినచోటే చుక్కలు పెడుతోంది. గొట్టంలో ఏముందో దానికి పట్టలేదు."

బావగారి మొహం ఎర్రబడి, అంతలోనే విప్పారింది. అలాంటి మొహాలకి మారడానికి ఎంతోసేపు పట్టదు. "చూశారా మా వాళ్ళ నిజాయితీ! చిన్న అనుమానమున్నా దాచరు. నేను వివరంగా చెప్తాను. విరిగాక కూడా పైన నీళ్ళలో మిగిలిన లేశమాత్రం ప్రోటీన్‌ని మా పద్ధతి పట్టుకుంది. మొదటి గీత మోటు సాధనం, దానికి అంత చూపు లేదు. ఒక రకంగా ఆవిడ మా పద్ధతి గొప్పతనాన్ని నిరూపించింది!"

మీసాలాయన తలాడించాడు. "అద్భుతం. లేశమాత్రం కూడానా?" మొహమాటాయన అది తన ట్యాబ్‌లో ఎక్కించుకున్నాడు. ఇద్దరూ నిదానమ్మని మెచ్చుకోలుగా చూశారు. ఆమెకి కుడితితొట్టిలో చెయ్యి పెట్టినట్టు అనిపించింది. ఎంత కడిగితే వదుల్తుంది ఈ జిడ్డు? నిజం చెప్తే దాన్ని కూడా నాకి, తడిచేసి, తమ గోడకే అంటించుకున్నారు.

అధ్యక్షురాలు మాత్రం తలాడించలేదు. సీసా మూత తీసి ఓ గుక్క తాగి మూత పెట్టుకుంటోంది. నిదానమ్మ చూపు ఆ సీసా మీద ఆగింది.

"అమ్మా, మీ సీసాలో నీళ్ళు కొంచెం ఇస్తారా?"

"దాహమా? తీసుకో తల్లీ."

"తాగడానికి కాదండీ."

ఆమె సీలు తియ్యని పెట్టెలోంచి కొత్త గొట్టం తీసింది. అధ్యక్షురాలి చేతనే సీసాలోంచి నీళ్ళు పోయించింది. యంత్రానికి పట్టు దొరకడానికి ఎప్పుడూ కలిపే భారజలం రెండు చుక్కలు వేసి, మూత బిగించి, అందరూ చూస్తుండగా అయస్కాంతంలోకి దింపింది. బావగారు "ఇదేంటి, ఇది కార్యక్రమంలో లేదే," అంటూ ముందుకొచ్చాడు. అధ్యక్షురాలు చేతికర్ర అడ్డం పెట్టింది. "కానివ్వండి. నా నీళ్ళేగా."

ముందు మొదటి గీత. నీటి మిట్ట ఒక్కటే ఉంది, మిగతాదంతా చదును. తర్వాత అచ్చుతో తొందర పద్ధతి. దానికి పట్టే గంటసేపూ ఎవరూ గది వదిలి వెళ్ళలేదు. బావగారు మాట్లాడుతూనే ఉన్నాడు, వినేవాళ్ళు తగ్గుతూ వచ్చారు. సెంటు వాసనలో చెమట వాసన కలిసింది. నిదానమ్మ ఐసు డబ్బా మూత ఎత్తి తన గొట్టాన్ని చూసుకుంది. అడుగున సన్నటి మసక మొదలైందేమోనని అనుమానం. కళ్ళు దగ్గరపెట్టి చూస్తే, ఇంకా లేదు.

తెర నిండింది. నీలం చుక్కలు, గుండ్రంగా, ముద్దుగా, ఒక్కటి తగ్గకుండా.

"కంటి కటకంలోని ప్రోటీనండీ ఇది," అంది నిదానమ్మ. "మేం దీన్ని బాక్టీరియాలో పెంచుతాం. బాక్టీరియాని చితక్కొట్టి, ఆ జిగురంతా వడకట్టి తీస్తాం. ఈ తెర చెప్పేది నిజమైతే, పొద్దున్నుంచి మీరు తాగుతున్నది అదే."

అధ్యక్షురాలి మొహం మారిపోయింది. గుటక మింగబోయి మింగలేక ఆగింది. పెదాలు చేతిరుమాలుతో తుడుచుకుంది. మీసాలాయన కూడా అంతకుముందు ఆవిడ సీసాలోంచి ఓ కప్పు పోయించుకుని తాగాడు కాబోలు, చెయ్యి మీసాల దగ్గరికి వెళ్ళి అక్కడే ఉండిపోయింది. ఆవిడ సీసాని మెల్లగా టేబుల్ మీద, అందరికీ అందేంత దూరంలో పెట్టి, కుర్చీ వెనక్కి జరుపుకుంది.

"డైరెక్టరుగారూ, మీరు చెప్పండి. నా నీళ్ళలో ఇది ఉందా?"

"ఉండి ఉండచ్చు మేడమ్. ఎందుకుండకూడదు? మా పద్ధతి లేశమాత్రం కూడా వదలదు. ఈ గదిలో ఏళ్ళ తరబడి ఆ ప్రోటీన్‌తో పనిచేస్తున్నాం, గాలిలో తుంపరలు ఉంటాయి, సీసా మూత తీసినప్పుడు పడి ఉంటాయి. లేకపోతే మీ సీసా సరిగ్గా కడిగి ఉండరు, అలాంటివి జరుగుతుంటాయి, ఏమీ అనుకోకండి. యంత్రం అబద్ధం చెప్పదు మేడమ్, చుక్క ఉందంటే ఉన్నట్టే, ఇది నేను ఎక్కడైనా, ఎవరి ముందైనా..."

గంటసేపు ఆగకుండా మాట్లాడిన గొంతు అక్కడ పట్టేసింది. పొడిదగ్గు ముంచుకొచ్చింది. దగ్గుతూ దగ్గుతూ చెయ్యి చాచి, చేతికందిన స్టీలు సీసా తీసుకుని, మూత తిప్పి, గటగటా నాలుగు గుక్కలు తాగాడు. నీళ్ళు గడ్డం మీంచి కారి సూటు మీద పడ్డాయి. చేతి వెనకవైపుతో తుడుచుకున్నాడు.

అధ్యక్షురాలు కుర్చీలో ముందుకి వంగింది.

"ఎలా ఉన్నాయి?" అని అడిగింది.

"ఆఁ?"

"ఏం తాగారండీ ఇప్పుడు?"

"నీళ్ళే మేడమ్," అన్నాడాయన.

అన్నాక తెలిసింది. సీసా చేతిలో ఉండగానే తెర వైపు చూశాడు, నిదానమ్మ వైపు చూశాడు. మొహమాటాయన ట్యాబ్‌లో ఇందాక ఎక్కించుకున్నదాన్ని వేలితో చెరిపేస్తున్నాడు.

గెలిచానని నిదానమ్మకి అనిపించలేదు. కారుతున్న గడ్డంతో నిలబడ్డ ఆ మనిషిని చూస్తే ఓకరింత వచ్చింది. ఇవాళ రాత్రి ఆయన కంచం తీసే అక్క కళ్ళముందు మెదిలింది. అక్క ఫోన్ చేసి ఏమంటుందో కూడా తెలుసు. కానీ ఐసు డబ్బాలోది ఎవరికోసమూ ఆగదు.

ఆమె ప్రోగ్రాంలో అచ్చు పీకేసింది. తన గొట్టాన్ని వెలుతురుకి ఎత్తి చూసింది. ఇంకా తేటగానే ఉంది, అడుగున మాత్రం ఆవిరి పట్టినట్టు పలచటి మసక. "కాస్త తప్పుకోండి బావగారూ," అని ఆయన్ని దాటుకుని నిచ్చెనెక్కి, నీళ్ళ గొట్టం తీసేసి తనది దింపింది. మొదటి గీత చూసింది. గీత లేచింది, అక్కడక్కడా, బలహీనంగా, మిట్టపల్లాలుగా.

అధ్యక్షురాలు కర్ర ఆనించుకుంటూ వచ్చి ఆమె పక్కన కుర్చీలో కూర్చుంది. చుక్కల్లేని తెర వైపు చూస్తూ అడిగింది.

"ఇప్పుడెన్ని చుక్కలు రావాలమ్మా?"

"తెలీదండీ," అంది నిదానమ్మ, యంత్రం మొదలుపెడుతూ.